నిద్రను లోపలికి పిలిచిన పిల్ల

ఒకప్పుడు మనుషులకు మరపు అనేదే లేదు.

విన్న మాట విన్నట్టే చెవిలో ఉండిపోయేది. చిన్నప్పుడు కాలికి గుచ్చుకున్న ముల్లు ముసలితనంలోనూ అంతే చురుక్కుమనేది. ఎప్పుడో తిన్న పనసతొన తీపి నాలుక మీద అలాగే ఉండేది, నిజమే. కానీ ఎప్పుడో తిన్న చెంపదెబ్బ కూడా దాని పక్కనే ఉండేది.

నిద్ర కూడా అప్పట్లో ఇప్పటిలా కాదు. చీకటి పడగానే ఇంటింటికీ వచ్చి, మనుషుల ఒళ్లు నిమిరి, కళ్లు మూసేది. అంతే. తలలోకి మాత్రం వెళ్లేది కాదు. అక్కడ కాలు పెట్టే చోటుంటేగా! గడపలో కూర్చుని కూర్చుని, తెల్లారాక లేచి వెళ్లిపోయేది.

ఆ రోజుల్లో ఒక కొండవాలున పైడమ్మ, తౌడు అని ఆలుమగలు ఉండేవారు. వాళ్లకు నీలాలు అని ఒక్కతే కూతురు. ఇంటి ముందు రాగులు పండే చోడిచేను, చేను దాటితే వాగు. తౌడు కలుపు తీసినా, కట్టెలు కొట్టినా ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం దూడ తాడు విప్పుకుని వాగు అవతలికి పోయింది. తాడు సరిగ్గా కట్టనిది తౌడే. పొయ్యి దగ్గరున్న పైడమ్మకు ఒళ్లు మండింది.

“దూడ లేకుండా నాకు మొహం చూపించకు” అని అరిచింది.

తౌడు వెళ్లి వాగులో దిగాడు. ఎక్కడో పైకొండల్లో కురిసిన వాన అప్పుడే వాగులోకి వచ్చింది. ఎర్రనీళ్లు మనిషెత్తున లేచాయి. మర్నాడు వరద తీశాక దూడ దానంతటదే ఇంటికొచ్చింది. తౌడు రాలేదు.

ఆ తరవాత పైడమ్మ చెవిలో ఒక్క మాటే మిగిలింది. ‘మొహం చూపించకు.’ మరపు లేని కాలం కదా, ఏడాది గడిచినా అది ఇప్పుడే అన్నట్టు వినబడేది. నీలాలుకు పాలపన్ను ఊడింది. ఈల వేయడం వచ్చింది. తల్లి ముందుకొచ్చి చూపించింది. పైడమ్మ కళ్లు చూశాయి గానీ మనసు చూడలేదు.

ఒకరోజు నీలాలు నిలబడ్డ ఒడ్డు విరిగి, పిల్ల వాగులో పడింది. చేతికి దొరికిన వేరు పట్టుకుని “అమ్మా” అని పిలిచింది. పైడమ్మ ఆ పక్కనే బట్టలు ఉతుకుతోంది. ఆమె చెవిలో పాత అరుపే మోగుతోంది తప్ప పిల్ల పిలుపు పడలేదు.

అటుగా పోతున్న గాలి చూసింది. పైడమ్మ కొంగు పట్టి గుంజింది. “అటు చూడవే తల్లీ, నీ పిల్ల” అంది.

పైడమ్మ చూసింది. పరుగెత్తి పిల్లను పైకి లాగింది. గుండెకు హత్తుకుంది. నా తల నిండిపోయింది, దీన్ని ఖాళీ చేసుకోకపోతే ఈ పిల్ల కూడా నాకు దక్కదు అనుకుంది.

దేన్నైనా కప్పేసే మంచును అడుగుదామని తెల్లారగానే కొండ ఎక్కింది. కొండ కొమ్మున తెల్లగా, మెత్తగా మంచు పడుకుని ఉంది. పైడమ్మ తన కష్టమంతా చెప్పుకుంది. ఆ ఒక్క మాట తీసుకుపొమ్మని బతిమాలింది.

మంచు కలలో మాట్లాడినట్టు మాట్లాడింది. “నాకు ఏరుకోవడం రాదమ్మా. కప్పితే కొండంతా కప్పుతాను. ఒక్క రాయిని కప్పమంటే నావల్ల కాదు.”

“అయితే అంతా కప్పెయ్” అంది పైడమ్మ.

మంచు చల్లగా ఆమె చెవుల్లోంచి లోపలికి జారింది. అరుపు ఆగిపోయింది. దూదిపింజలా తేలిపోతూ ఆమె కొండ దిగింది. దారిలో ఒక ఇల్లు కనబడింది. ఆ ఇంటి ముందు ఎదురుచూస్తూ ఒక పిల్ల నిలబడి ఉంది.

“ఎవరమ్మాయివే? ఆకలేస్తోందా?” అని ఎంతో ప్రేమగా అడిగింది పైడమ్మ.

నీలాలు ఏడవలేదు. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మంచినీళ్లిచ్చింది. నువ్వు మా అమ్మవి, నేను నీలాలుని అని మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పింది. చేలోకి తీసుకెళ్లి చోడికంకి అరచేతిలో నలిపి వాసన చూపించింది. ఆ వాసన తగలగానే పైడమ్మ ఏదో కూనిరాగం తీసింది. అది ఎవరిదో మాత్రం ఆమెకు తెలియలేదు.

అలా సాయంత్రానికల్లా మంచు కొంచెం కొంచెం విడేది. తెల్లారేసరికి మళ్లీ కమ్ముకునేది. పైడమ్మ మళ్లీ “ఎవరమ్మాయివే?” అని అడిగేది. నీలాలు మళ్లీ మొదటినుంచి చెప్పేది. చెప్పి చెప్పి పిల్లకు నీరసం వచ్చేసింది.

ఒక మునిమాపువేళ నిద్ర వచ్చి ఎప్పటిలాగే గడపలో కూర్చుంది. నీలాలు దాని పక్కన చతికిలబడి, ఎందుకు ఎప్పుడూ బయటే ఉంటావని అడిగింది.

“ఇన్నాళ్లూ చోటు లేక రాలేదు. ఇప్పుడు మీ అమ్మ తలలో చోటుంది. కానీ పిలవనిదే నేను ఎవరి తలలోకీ వెళ్లను” అంది నిద్ర.

వస్తే ఏం చేస్తావని అడిగింది నీలాలు. ఆరోజు చెప్పుకున్నవీ, చేత్తో తాకినవీ, మనసుకు పట్టినవీ తీసి ఎక్కడివక్కడ సర్దుతానంది నిద్ర. అన్నీ పట్టవు కాబట్టి చిన్నాచితకా మంచుకే ఇచ్చేస్తానంది.

“మరి గుచ్చుకునేవి ఉంటే?” అంది పిల్ల.

“పారేయను. వాగు రాళ్లను అరగదీసినట్టు అరగదీస్తాను. ఒక్క రోజులో అరగవు మరి.”

నీలాలు లేచి పక్కకు జరిగింది. “లోపలికి రా” అంది.

ఆ రాత్రి నిద్ర మొదటిసారి గడప దాటింది.

తెల్లారింది. పైడమ్మ కళ్లు తెరిచింది. పక్కనున్న పిల్లను చూసి “నీలాలూ” అంది. అప్పుడు ఏడ్చింది నీలాలు. తల్లి ఒళ్లో మొహం దాచుకుని, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చింది.

రోజులు గడిచాయి. పగలు పిల్ల చెప్పేది, రాత్రి నిద్ర సర్దేది. పైడమ్మకు ఇల్లు గుర్తొచ్చింది, చేను గుర్తొచ్చింది, తౌడు మొహం గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె ఉన్నట్టుండి అడిగింది.

“మీ నాన్న వాగు సంగతి తెలిసినవాడు కదే. వానాకాలంలో అందులోకి ఎందుకు దిగాడు?”

నీలాలుకు తెలుసు. ఆరోజు పొయ్యి పక్కనే ఉంది. చెప్పకపోతే అమ్మకు ఆ బాధ ఇక ఎప్పటికీ రాదు. దూడ కోసం తనంతట తనే వెళ్లాడని అంటే సరిపోతుంది. కానీ అలా అంటే నిద్ర ఆ అబద్ధాన్నే నాన్న పక్కన సర్దిపెడుతుంది.

పిల్ల తలొంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది.

పైడమ్మ మోకాళ్లు కౌగిలించుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. మళ్లీ కొండెక్కి పోతుందేమోనని నీలాలు ఆమె కొంగు వదలకుండా పట్టుకుంది. పైడమ్మ కొండవైపు చూడలేదు. చాప పరుచుకుంది. గడపవైపు తిరిగి, నిద్రను తనే పిలిచింది.

పొద్దున్నే పిల్లను తట్టి లేపింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. మొహం మాత్రం వాన వెలిశాక ఆకులా తేటగా ఉంది.

“నేనామాట అన్నాక మీ నాన్న ఏమన్నాడో తెలుసా?”

నీలాలుకు తెలియదు.

“నేను గుమ్మంలోకి వచ్చి చూశా. గట్టుమీద ఆగి వెనక్కి తిరిగాడు. నవ్వాడు. అంబలి చల్లారనివ్వకు, వచ్చి తాగుతా అన్నాడు. ఇన్నాళ్లూ నా అరుపే నాకు వినబడింది. దాని వెనకాల ఈ మాటొకటి ఉందని తెలియనే లేదు. రాత్రి నిద్ర ఆ అరుపును పక్కకు జరిపాకే బయటపడింది.”

ఆరోజు పైడమ్మ అంబలి కాచింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని తాగారు.

సంగతి తెలిసి చుట్టుపక్కల వాళ్లంతా మంచుతో తలలో చోటు చేయించుకుని, నిద్రను లోపలికి పిలుచుకున్నారు. కొర్లయ్య అనే ఒక్క ముసలాయన మాత్రం, చోటు చేయించుకున్నాక కూడా, నా జ్ఞాపకాలు నేనే కాపలా కాసుకుంటానని రాత్రంతా మేలుకుని కూర్చున్నాడు. మర్నాడు పెళ్లాం పేరుతో మేకను పిలిచాడు. ముసలమ్మకు కోపం వచ్చింది. ఆ రాత్రి పెందలాడే పడుకున్నాడు.

మనుషులకు మరపు వచ్చింది అప్పటినుంచే. నలుగురితో చెప్పుకున్నది నిలిచిపోవడం, ఎవరితోనూ చెప్పుకోనిది మంచులో కలిసిపోవడం, నిద్ర లేనివాడికి నిన్నటి సంగతి కూడా కలగాపులగం కావడం, ఏ గాలికో తేలివచ్చిన వాసన ఎప్పటి రోజునో తెచ్చి ముందుంచడం, అన్నీ అప్పటినుంచే.

పోయినవాళ్లను తలుచుకుంటే మొదట్లో ఏడుపే వచ్చి, ఎన్నాళ్లకో ఒకనాడు చిన్న నవ్వు కూడా రావడం అప్పటినుంచే.