పట్టాభిగారి పడక్కుర్చీ

గుడివాడలో హోమ్ థియేటర్లు బిగించే మస్తాన్ మాష్టారు ఎవరింటికి వెళ్ళినా, ముందు కాఫీ తాగనిదే అట్టపెట్టె విప్పేవారు కాదు. ఆ కాఫీ అయినా గుటుక్కున మింగి లేచే రకం కాదు. గ్లాసు చేత్తో పట్టుకుని ఇంట్లోవాళ్ళతో ఊసులాడుతూ అరగంట చేసేవారు. ఈలోగా ఇంటాయన విప్పని పెట్టె చుట్టూ పచార్లు చేస్తూ ఉండేవాడు. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకూ సభలకూ మైకుసెట్లు కట్టిన మనిషని ఎదురుగా ఎవరూ ఏమీ అనేవారు కాదుగానీ, చాటున మాత్రం 'కాఫీ మాష్టారు' అని నవ్వుకునేవారు. ఆ నవ్వేవాళ్ళలో ఆయన శిష్యుడు గిరిధర్ కూడా ఉన్నాడు.

గిరిధర్ ముప్పై నాలుగేళ్ళవాడు. టీవీల షోరూములో పదేళ్ళు చేసిన ఉద్యోగం వదులుకుని, సౌండు పని నేర్చుకుందామని మాష్టారి దగ్గర చేరాడు. పుస్తకాలు చదివేవాడు, గదులు కొలిచేవాడు, కొలిచినవన్నీ రాసుకునేవాడు. అతనికి ఒక కొలత మైకు, ఒక ల్యాప్‌టాప్, వాటి మీద దేవుడి మీద ఉన్నంత నమ్మకం ఉన్నాయి. చేరిన మొదటి వారమే అతను గురువుని ఒక ప్రశ్న అడిగాడు.

"మాష్టారూ, ఒక గదిలో అన్నిటికంటే మంచి చోటు ఏది?"

"చెబుదాంలే," అన్నారు మాష్టారు. ఆరు నెలలైనా చెప్పలేదు.

ఆ తరువాత గిరిధర్ తొలిసారి ఒంటిచేత్తో ఒక ఇల్లు చేశాడు. ఏలూరు రోడ్డులో ఆర్టీసీ డిపో మేనేజరుగా చేసి రిటైరైన పట్టాభిగారిల్లు అది. కాఫీ ఇస్తామన్నా వద్దని, తిన్నగా పనిలోకి దిగాడు. సోఫా మధ్యలో మైకు నిలబెట్టి కొలిచాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, వంటింటి గుమ్మం పక్క మూలలో సబ్‌వూఫర్. అడుగు మోత, అదే బేస్, పలికేది ఆ నల్లపెట్టెలోంచే. దాన్నే జనం 'థంప్' అంటారు. అంతా గంటన్నరలో ముగించి, ఎంతో తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చాడు.

మర్నాడే ఫోను. "ఏమయ్యా, ఇందులో థంప్ లేదు. వచ్చి చూడు."

వెళ్ళి చూశాడు. సోఫాలో కూర్చుంటే కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆ వారంలోనే మరో రెండుసార్లు పిలుపొచ్చింది, మరో రెండుసార్లు కొలిచాడు. చివరిసారి, "మీటరు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది సార్," అన్నాడు బతిమాలుతున్నట్టుగా.

"మీటరొచ్చి సినిమా చూస్తుందా? రేపటికల్లా పట్టుకుపో!" అన్నారు పట్టాభిగారు.

గిరిధర్ ఆ సాయంత్రం మాష్టారి దగ్గర కూలబడ్డాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. "మొదటి పెట్టే వెనక్కొస్తే ఇంక నన్నెవరు పిలుస్తారు మాష్టారూ? మళ్ళీ షోరూముకే పోతాను. నాకీ పని అబ్బదు," అన్నాడు.

"పోదువుగానిలే. రేపు పొద్దున్న ఓసారి వాళ్ళింట్లో కాఫీ తాగి పోదువుగాని," అన్నారు మాష్టారు.

మర్నాడు పది గంటలకు ఇద్దరూ వెళ్ళారు. పట్టాభిగారు కిటికీ కింద తన పడక్కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన భార్య శేషారత్నమ్మగారు కాఫీ తెచ్చారు. మాష్టారు స్పీకర్ల వైపు కన్నెత్తి చూడలేదు. "సినిమాలు బాగా చూస్తారామ్మా?" అని మొదలుపెట్టారు.

"చూడకేం? పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం హాలుకి వెళ్ళాల్సిందే. ఇప్పుడీ మోకాళ్ళు హాలు మెట్లెక్కనివ్వడం లేదు. అందుకని ఈయన హాలునే ఇంటికి తెచ్చారు," అన్నారావిడ.

"తెచ్చి ఏం లాభం?" అన్నారు పట్టాభిగారు. "పేర్లు పడటం అయ్యేలోపు లేచి వంటింట్లోకి పోతుంది. ఒక్కణ్ణీ కూర్చుని చూడ్డానికా ఇదంతా? థంప్ సరిగ్గా ఉంటే మనిషి లేచిపోతుందా, మీరే చెప్పండి."

గిరిధర్ చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. నాలుగుసార్లు వచ్చినా ఈ మాట అతని చెవిన పడలేదు. పడేంతసేపు ఉంటేగా!

"అమ్మా, సినిమా పెట్టినప్పుడు మీరెక్కడ కూర్చుంటారు?" అని అడిగారు మాష్టారు.

ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. దాని ముందు కాళ్ళు చాపుకోవడానికో పీట ఉంది. గిరిధర్ పెట్టిన నల్లపెట్టె ఆ కుర్చీకి జానెడు దూరంలో ఉంది.

"సోఫాలోకి రమ్మంటే రాదు," అన్నారు పట్టాభిగారు.

"అది లోతు సోఫా బాబూ. అందులో కూలబడ్డానంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇక్కడైతే పొయ్యి కూడా కనబడుతుంది." ఆవిడ గొంతు తగ్గించారు. "కాకపోతే సినిమా మొదలైందంటే చెవిలో రోలు దొర్లించినట్టుంటుంది. ఈయనేమో ముచ్చటపడి తెచ్చుకున్నారాయె. చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

పట్టాభిగారు నల్లపెట్టె కేసీ, ఆవిడ కేసీ మార్చి మార్చి చూశారు. గిరిధర్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మూలన పెడితే మోత పోగుపడుతుందన్నది పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఆ మూలలో ఒక మనిషి కూర్చుంటుందన్నది మాత్రం ఏ పేజీలోనూ లేదు.

మాష్టారు కాఫీ ముగించి లేచారు. "గిరీ, ఆ నల్లపెట్టె ఎత్తి అమ్మగారి కుర్చీలో పెట్టు. డప్పులున్న పాట ఏదైనా వెయ్యి."

"కుర్చీలోనా?"

"కుర్చీలోనే. అక్కణ్ణుంచి పలికితే గదిలో ఎక్కడ బాగా వినబడుతుందో, అక్కడ పెడితే ఆ కుర్చీలోకి అంత బాగానూ వినబడుతుంది. సౌండుకి పోయే దారీ వచ్చే దారీ ఒకటే. పట్టాభిగారూ, తమరు కాస్త వంగి, చెవి నేల మీద పెట్టె ఉండే ఎత్తులో ఉంచి, గోడల వెంట తిరగాలి. ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆగండి."

"వంగి తిరగాలంటే పాకాలి కదయ్యా!"

"పాకాలండి."

గిరిధర్ చప్పున మైకు తీశాడు. "సార్‌కి శ్రమెందుకు మాష్టారూ, నేను కొలుస్తాను."

"అమ్మగారితో సినిమాకి వెళ్ళేది నువ్వా?" అన్నారు మాష్టారు.

డిపో మొత్తం లేచి నమస్కారం పెట్టిన మనిషి, ఒకసారి వీధి తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, పంచె ఎగగట్టి, నేల మీద చేతులాన్చారు. పాట మొదలైంది. టీవీ బల్ల పక్క ఆగి తల అడ్డంగా ఊపారు. బాగాలేదు. సోఫా వెనక దూరారు. అక్కడా బాగాలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ శేషారత్నమ్మగారు కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది ఎంతోసేపు అడ్డం ఉండలేదు.

"ఏమండీ! గుర్తుందా? పెళ్ళైన కొత్తలో బెంచీ క్లాసులో నా చెప్పు పోతే, ఇలాగే బెంచీల కింద పాకారు!"

"దొరికిందిగా!" అన్నారు పట్టాభిగారు సోఫా వెనకనుంచి.

"దొరికింది. మనది కాదు!"

ఆ మాటతో ఆయన కూడా నేలమీదే చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మళ్ళీ పాకడం మొదలుపెట్టినప్పుడు ఇందాకటి మొహమాటం లేదు. కిటికీ కింద పడక్కుర్చీ కాళ్ళ మధ్య తల దూర్చి, అలాగే ఉండిపోయారు.

"ఇక్కడ!" అని కేకేశారు. "రత్నం, ఇక్కడ! గుండెకి తగులుతోంది, అయినా చెవిలో మోత లేదు!"

అంతా ఆ కుర్చీ వైపు చూశారు. ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి అది అక్కడే ఉంది. రోజూ పేపరు చదివేది అక్కడ, మధ్యాహ్నం కునుకు తీసేది అక్కడ. మనవలు వచ్చినా అందులో కూర్చోరు. సరైన చోటు దొరికింది కానీ, ఆ చోటు ఖాళీగా లేదు.

గిరిధర్ కంగారుగా, "దీనికి కాస్త పక్కన సర్దుదామా సార్?" అన్నాడు.

పట్టాభిగారు పైకి లేచారు, మోకాళ్ళు దులుపుకున్నారు. ఇంకెవరి చేయీ పడనివ్వకుండా కుర్చీని తనే బరబరా లాక్కుంటూ పోయి గది నడుమ వేశారు. అక్కణ్ణుంచి తెర కనబడుతుంది. మెడ కొంచెం తిప్పితే గుమ్మం కూడా కనబడుతుంది.

నల్లపెట్టె కిటికీ కిందికి చేరింది. సినిమా మొదలైంది. పేర్లు పడ్డాయి, పోరాటం వచ్చింది, పాట వచ్చింది. శేషారత్నమ్మగారు పీట మీద కాళ్ళు చాపుకుని, చిక్కుడుకాయల పళ్ళెం మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. వంటింట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ఆవిడకి పట్టలేదు. హాస్యం దగ్గర ఆవిడ పగలబడి నవ్వితే, పట్టాభిగారు తెర వదిలేసి అటే చూస్తున్నారు.

గిరిధర్‌కి ప్రాణం లేచొచ్చింది. పెట్టె వెనక్కి రాదు, తను షోరూముకి పోనక్కర్లేదు. కానీ అలవాటు ఊరికే పోదు కదా. చల్లగా వెళ్ళి పడక్కుర్చీ పక్కన మైకు పెట్టి చూశాడు. మూడుసార్లు కొలిచినా ల్యాప్‌టాప్‌లో గీత పాతాళానికే దిగిపోయింది. గది నడుమ అడుగు మోత చచ్చిపోతుందన్నదీ పుస్తకంలో ఉన్నదే. కొలవకపోయుంటే బాగుండేదనిపించింది.

సరిగ్గా అప్పుడే పట్టాభిగారు కుర్చీ చేయి మీద ఫట్‌మని చరిచారు. "ఇదయ్యా థంప్ అంటే! ఇన్నాళ్ళూ ఏమైంది ఇది?"

గిరిధర్ గురువుని గుమ్మం బయటికి లాక్కెళ్ళాడు. "మాష్టారూ, ఆయన కూర్చున్నచోట థంప్ బొత్తిగా లేదు. మూడుసార్లు కొలిచాను. లేనిదాన్ని ఆయనెలా వింటున్నారు?"

లోపలనుంచి శేషారత్నమ్మగారి నవ్వు మళ్ళీ వినబడింది, ఆ వెంటే పట్టాభిగారిదీ. మాష్టారు చెప్పులు వేసుకుంటూ, "ఆయన వింటున్నది స్పీకర్లనని నీకెవరు చెప్పారయ్యా?" అన్నారు.