చాటు కన్నం అడిగిన గొంతు

అనగనగా ఒక జొన్నచేను. ఆ చేనుగట్టు కింద ఒక చిట్టెలుకల ఊరు. ఊరికి పెద్ద సజ్జయ్య తాత, ఆపదొస్తే తప్పించుకునే చాటు కన్నానికి కాపలా కొర్రమ్మ. ఆ కన్నం ఎక్కడుందో బయటివాళ్లకు తెలియదు. లోపలినుంచి మట్టిబిరడా పెట్టి ఉంటుంది. తాత గొంతు వినబడితే మారుమాటాడకుండా దాన్ని కొరికి తీయాలి. అదీ ఆ ఊరి ఆచారం. తాతకు కోపం ముక్కుమీదే ఉంటుంది మరి!

పక్కగదిలోనే కొర్రమ్మ పిల్లలు, ఇంకా కళ్లు తెరవని పసికూనలు. గట్టుమీద తాచుపాము తిరుగుతోందని విన్నప్పటినుంచి ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు.

ఒకనాటి పొద్దున గట్టుమీదనుంచి ఎవరో పిలిచారు. "ఓ కొర్రమ్మా! పక్కచేను దొర మీకు కంకులు కానుక పంపాడు. చాటు కన్నం ఎటుందో చెబితే అక్కడే దించిపోతాం."

కొర్రమ్మకు నోరూరింది. 'కానుకిచ్చేవాడికి నా కన్నంతో పనేమిటి?' అనుకుని ఊరుకుంది.

మధ్యాహ్నం ఇంకో గొంతు. "కాలువ తెగింది! చాటు కన్నం తెరిచి పిల్లల్ని బయటికి తెచ్చుకోండి, ఆలస్యమైతే మీ ఇష్టం!"

కొర్రమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. నేలకు చెవి ఆనించింది. నీటి చప్పుడు లేదు, మట్టి పొడిగానే ఉంది. తాతకు చెబుదామనుకుంది కానీ, పిరికిదని తిడతాడేమోనని మానేసింది.

సాయంత్రం అచ్చం తాత గొంతే వినబడింది. అదే దగ్గు, అదే విసురు.

"కొర్రీ! నేనే, సజ్జయ్యను! తాచు వెంటపడింది. చాటు కన్నం తియ్యి! ఎవరికీ చెప్పకు, త్వరగా!"

కొర్రమ్మ బిరడా కొరకసాగింది. మట్టి రాలి, సన్నటి వెలుతురు లోపల పడింది. అయ్యో, తాత చచ్చిపోతాడేమో! కానీ ప్రతిమాటా ఊరంతా వినేలా అరిచే తాత, ఎవరికీ చెప్పకు అంటాడా? ఆమె కొరకడం ఆపి, లోపలిదారిన తాత గదికి పరుగెత్తింది.

తాత గింజలు ఒలుచుకుంటున్నాడు. "కాపలా వదిలి వచ్చావేమే?" అని గద్దించాడు.

కొర్రమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయింది తాతా. బయట నీ గొంతు విని బిరడా సగం కొరికేశాను. పొద్దుటినుంచీ ఇలాంటి పిలుపులే. నీకు భయపడి చెప్పలేదు."

తాత ముఖం పాలిపోయింది. తిట్టబోయినవాడు తమాయించుకుని, "ముందు పదండర్రా!" అని ఊరంతటినీ కేకేస్తూ పరుగందుకున్నాడు. ఊరంతా మట్టి మోసింది. బిరడా బిగిసీ బిగియకముందే అవతల ఏదో జరజరా పాకి, ఆగింది. పైన గోరింక, ఎవరి గొంతైనా అనుకరిస్తూ తాచుకు తొత్తుగా మారిన దొంగపిట్ట, ఇంకా తాత గొంతుతోనే "త్వరగా, త్వరగా!" అంటోంది. తాచు ఎంత తోసినా బిరడా కదల్లేదు. చివరికి బుసకొట్టి వెళ్లిపోయింది.

కొర్రమ్మ పిల్లల్ని పొట్టకు హత్తుకుంది.

"నువ్వు కొరికినందుకు కాదు, నాకు చెప్పడానికి భయపడినందుకే నాకు సిగ్గుగా ఉందే," అన్నాడు తాత. "ఇకమీదట నా గొంతు విన్నా కన్నం తీయొద్దు. నా గదికొచ్చి, నన్ను చూసి అడగండి. అడిగినవాళ్లను పల్లెత్తు మాట అనను." ఆ సాయంత్రమే చుట్టుపక్కల కన్నాలన్నిటికీ గోరింక సంగతి చెప్పి పంపాడు.

కనుక పిల్లలూ, ఆశపెట్టి, భయపెట్టి, తొందరపెట్టి తలుపు తీయమనే మాట అయినవాళ్ల గొంతుతో వచ్చినా నమ్మకండి, తెలిసిన దారిన వెళ్లి అడగండి, పొరబడితే దాచకుండా వెంటనే చెప్పండి.