జోలె కింద బ్యాటరీ

మౌలాలికి ఆ వారమంతా ఒకటే చింత. గురువు సైకిలుకు పెట్టబోయే బ్యాటరీ ఎవరి కంటా పడకూడదు. ఎలా?

గురువు ఫక్కీరప్ప తాత. దూదేకుల ఇంట పుట్టి, మీసాలు రాకముందే ఫకీరు బాట పట్టిన మనిషి. ప్రతి బేస్తవారం పొద్దున్నే పాత సైకిలెక్కి, ఊరవతల ఎర్రమిట్ట మీదున్న చిన్న దర్గాకు పోతాడు. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ల కష్టం వింటాడు. ఫాతిహా చదివి చేతిలో ఇంత చక్కెర పెడతాడు. సాయిబులూ వస్తారు, రెడ్లూ వస్తారు, మాలమాదిగలూ వస్తారు.

మిట్ట మాత్రం ఎవరినీ కనికరించదు. పోయిన నెల తాత సగం దారిలో దిగిపోయి, సైకిలు తోసుకుంటూ రొప్పుతూ పైకి చేరాడు. అది చూసి టీ బంకు సుబ్బన్న అననే అన్నాడు.

"సాయిబు తాత పనైపోయిందబ్బా. సొంత మోకాళ్లే బాగు చేసుకోలేనోడు మనకేం చేస్తాడు?"

ఆ మాట మౌలాలి గుండెలో ముల్లై దిగబడింది. తాతంటే అతనికి ప్రాణం. శిష్యుడు కాకముందు పట్నంలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసిన చేతులవి. ఊరుకుంటాయా? తాత సైకిలు వెనక చక్రానికి మోటారు బిగించాడు. ఇటుకరాయంత బ్యాటరీ తెచ్చాడు. ముందు క్యారియరు మీద కట్టి చూస్తే గుంతల్లో లొడలొడమంది. సీటు కింద పెడితే తొడలకు ఒరుసుకుంది. చివరికి సైకిలు నడుమ, మూడు కడ్డీల మధ్య ఉండే ఖాళీలో పాత ట్యూబు ముక్కలు పరిచి, రెండు ఇనుప పట్టీలతో బిగించాడు. కొలత తీసి చేయించినట్టు కూర్చుంది. ఊపితే కదల్లేదు, తొక్కితే మోకాలికి తగల్లేదు. చూస్తే ముద్దొస్తోంది.

వచ్చిన చిక్కల్లా అదే. దారినపోయే ప్రతివాడికీ కనబడుతోంది. "తాతకు ఓపిక లేక మోటారు పెట్టించుకున్నాడంట" అనేవాళ్ల నోళ్లు ఎవరు మూయిస్తారు? మౌలాలి ఆలోచించి, తాత పాత పచ్చ జోలెను బ్యాటరీకి తొడిగి, సూదీ దారంతో చుట్టూ కుట్టేశాడు. వైర్లను కడ్డీ వెంబడి పచ్చ టేపుతో చుట్టాడు. ఇప్పుడు ఎవరు చూసినా ఫకీరు జోలె వేలాడుతోందనే అనుకోవాలి.

తాత వచ్చి చూశాడు. "ఏందిరా, దానికి చొక్కా తొడిగినావు?"

"ఎండకు తాతా."

తాత ఎక్కి కూర్చుని, మౌలాలి చూపించిన మీటను బొటనవేలితో నొక్కాడు.

మిట్ట మొదలయ్యేసరికి తాత కాళ్లు పెడళ్ల మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి. గడ్డం గాలికి ఎగురుతోంది. "ఒరే మౌలాలీ, ఇది సైకిలు కాదురా, గుర్రం!" అని చిన్నపిల్లాడిలా కేకలు. వెనక తన సైకిలు తొక్కలేక చెమటలు కక్కుతున్న మౌలాలికి ఆ కేకలు వింటే కడుపు నిండిపోయింది.

గొర్రెల కాపరులు చూశారు. "కాళ్లు కదపకుండా మిట్టెక్కినాడు సామి!" అన్నారు. సాయంత్రానికి ఆ కబురు పక్క ఊరు చేరింది. మూడో ఊరు చేరేసరికి చక్రాలు నేలకు తగలడమే మానేశాయి.

తరవాతి బేస్తవారం దర్గా ముందు తిరనాళ్లలా జనం. తాత దిగీ దిగగానే సైకిలు చుట్టూ మూగారు. ఒకామె జోలెను తాకి, చేతులు కళ్లకద్దుకుని, "వెచ్చగా ఉందమ్మో!" అని అరిచింది. మహత్తంతా జోలెలోనే ఉందని తేల్చేశారు. అందులో అబద్ధమేముంది గనక! ఎవరో దానికి మల్లెపూలు చుట్టారు. ఆ సుబ్బన్నే స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. మౌలాలి మీసాల మీద ఆ పూట నిమ్మకాయలు నిలబడేవి.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ పుల్లమ్మ వచ్చింది. ఒక పాత సైకిలును మిట్ట కింది నుంచి తోసుకొచ్చినట్టుంది, ఒళ్లంతా చెమట. వెనకాల చేతికర్రతో ఆమె తండ్రి గంగులప్ప. ఆ సైకిలు మీదే ఊరూరా బొరుగులు అమ్ముకుని బతికి, ఏళ్లుగా దర్గాకూ వచ్చిపోయిన మనిషి.

"సామీ, మా నాయనకు మోకాళ్లు పట్టేసినాయి. సైకిలు మూలబడిన కాన్నుంచి గోడకు మొగం పెట్టుకుని పండుకుంటాడు. మాత్రలు మింగమంటే ఎందుకులే అంటాడు. నువ్వొక్కసారి ఈ సైకిలు మీద చెయ్యి పెట్టు సామీ. నీ సైకిలు మాదిరి దానంతటదే పోతాది. మా నాయన బతుకుతాడు."

 తాత చెయ్యి పెడితే ఏమవుతుందో ఆ గుంపులో తాతకు గాక మౌలాలి ఒక్కడికే తెలుసు. రేపు ముసలాయన ఆశగా సైకిలెక్కుతాడు. అది కదలదు. ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇక లేవడు.

తాత ఆ సైకిలు వంక చూశాడు. గంగులప్ప మోకాళ్ల వంక చూశాడు.

"మౌలాలీ, కత్తెర తే."

తాయెత్తులకు జోలె దారాలు పంచుతాడేమోనని చేతులన్నీ ముందుకు చాచుకున్నాయి. తాత సైకిలు పక్కన చతికిలబడి ఒక్కో కుట్టూ కత్తిరించాడు. జోలె జారి, మల్లెపూలతో సహా కింద పడింది. నల్లటి బ్యాటరీ ఎండలో నిగనిగలాడింది.

"ఇదమ్మా ఆ మహత్తు. ఇంట్లో కరెంటు తాగుతాది, ఈడికి నన్ను మోసుకొస్తాది. మా మౌలాలి బిగించినాడు. నాకు మోకాళ్లు పోయినాయి తల్లీ. రెండూ."

తాత లేచి పోయి అరుగు మీద కూర్చున్నాడు. సుబ్బన్న చేతిలోని కొబ్బరి చిప్పలకేసి దిగులుగా చూసుకున్నాడు. కొందరు పైగుడ్డలు దులుపుకుని మిట్ట దిగిపోయారు. భూమి చీలితే అందులోకి దూకాలనిపించింది మౌలాలికి.

ఉన్నట్టుండి గంగులప్ప పకపకా నవ్వాడు.

"నీకు గూడా పోయినాయా తాతా!"

పుల్లమ్మ తండ్రి మొహంలోకి ఆశ్చర్యంగా చూసింది. ఆయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అరుగెక్కి, తాత పక్కనే కూలబడ్డాడు.

"నాకు ఎడమది మరీ చెడ్డది. మెట్టు దిగాలంటే పానం పోతాది."

"పక్కకు తిరిగి దిగల్ల. నేనట్లే దిగతా."

"మాత్రలిచ్చినాడు డాక్టరు. ఏసుకోలా."

"ఏసుకో. నేనూ ఏసుకుంటాండా." తాత జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. సగం ఖాళీ.

జనం గొల్లున నవ్వారు. ఒక అవ్వ ముందుకొచ్చి తన నడుం సంగతి ఎత్తుకుంది. ఇంకెవరో భుజం ఎగరేసి చూపించారు. కాసేపటికి ఆ అరుగు ధర్మాసుపత్రి వరండాను మించిపోయింది. తాత ఒకరికి వేడినీళ్ల కాపడం చెబుతాడు, ఇంకొకరిని పట్నం పొమ్మంటాడు, అందరికీ ఫాతిహా చదివి చక్కెర పెడతాడు.

పుల్లమ్మ బ్యాటరీ ముందు కూర్చుని వేలితో తట్టింది. "అన్నా, ఇది మా నాయన సైకిలుకు పడతాదా?"

మౌలాలి గంగులప్ప సైకిలు కడ్డీల మధ్య జాన పెట్టి కొలిచాడు. "పడతాదక్కా. బొరుగుల మూట వెనక ఉంటాది గదా, దీన్ని నడుమనే పెట్టల్ల. వచ్చే బేస్తవారానికి బిగిస్తా."

"పైన గుడ్డ కప్పల్లనా?"

మౌలాలి తలెత్తలేదు. "వద్దక్కా. దానికి గాలి తగలల్ల."

"అంతవరకు నాది ఎక్కి చూడు గంగులప్పా" అన్నాడు తాత. నలుగురు పట్టుకుని ఎక్కించారు. గంగులప్ప మీట నొక్కి, దర్గా చుట్టూ గంట మోగించుకుంటూ ఒక చుట్టు చుట్టి, "ఆపేదెట్లరా దీన్ని!" అంటూ ఇంకో చుట్టు కూడా చుట్టేశాడు. ఆపేదెట్లాగో ఆయనకు బాగానే తెలుసు. పుల్లమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

పొద్దు వాలాక గురుశిష్యులిద్దరూ సైకిళ్లు నడిపించుకుంటూ మిట్ట దిగుతున్నారు. సగం దారిలో మౌలాలి తన సైకిలును తాత పక్కకు తెచ్చాడు.

"తప్పయిపాయ తాతా. నీ మర్యాద పోతాదని దాచినా."

తాత సైకిలాపి, మోకాలు ఒకసారి రుద్దుకుని, నవ్వాడు.

"గంగులప్ప ఇన్నేళ్లూ చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడేటోడు. ఈ పొద్దు నా పక్కన కూచున్నాడు. చూసినావా?"