ఎనిమిది నిమిషాల పెట్టె

విశ్వేశ్వరం మాస్టారికి ఒక అలవాటుంది. అడిగినదానికి ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెప్పి పంపిస్తారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు ల్యాబు నడిపి, రిటైరయ్యాక మండపేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నారు. ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్న సత్యవేణికి ఈ అలవాటు బాగా తెలుసు. అయినా అడగడం మానలేదు.

ఆ రోజు మాత్రం కొంచెం ఉక్రోషంగానే అడిగింది. "మాస్టారూ, ఎనిమిది నిమిషాలు పట్టేదాన్ని అర నిమిషానికి తెచ్చాను. మిగిలిన ఏడున్నర నిమిషాలూ ఆయనకి లాభమే కదండీ? మరి నా పని ఎందుకు నచ్చలేదు?"

ఆయనంటే కాటా సూర్యారావు. ఊరి బయట, ద్వారపూడి రోడ్డు మీద లారీలు తూచే కాటా ఉంది. లారీ సరుకుతో సహా వచ్చి ఇనప పలక మీద నిలబడితే, పక్కన రేకుల గదిలో ఉన్న కంప్యూటరు బరువు చూపించి చీటీ ముద్రిస్తుంది. ఆ గదిలో సూర్యారావు ఒక్కడే ఉంటాడు. ఇరవై ఆరేళ్ళు లారీ నడిపి, కాలు విరిగాక ఆ కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. కంప్యూటరు పదమూడేళ్ళ నాటిది. వేడికి కాలిపోతుందని, లారీ లేనప్పుడల్లా ఆపెయ్యమని యజమాని ఆజ్ఞ. మళ్ళీ లారీ వచ్చి మీట నొక్కితే, అది దగ్గి, తుమ్మి, మూలిగి, తెర మీద బొమ్మ పడేసరికి ఎనిమిది నిమిషాలు.

ఇంతలో చీటీలు ముద్రించే ప్రోగ్రాము కొత్తది వచ్చింది. అది పాత సిస్టం మీద నడవదు. యజమాని కబురు పెడితే సత్యవేణి వెళ్ళి పెట్టె తెచ్చింది. అందులో ఉన్నవన్నీ పక్కన భద్రంగా దాచింది. పాత డిస్కు తీసి కొత్తది బిగించింది, కాస్త మెమరీ చేర్చింది, కొత్త సిస్టం ఎక్కించి, దానికి అక్కర్లేని హంగులు ఒక్కొక్కటే కత్తిరించింది. అంత పాత పెట్టె అంత కొత్త సిస్టాన్ని మోస్తుందంటే తయారుచేసినవాళ్ళు కూడా నమ్మరు. మూడోనాడు మీట నొక్కి, గడియారం చూసుకుని, తనలో తానే నవ్వుకుంది.

మూడు వారాలు తిరిగాయి. అమావాస్యకి కాటా మూస్తారు. ఆ రోజు సూర్యారావు ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని షేరాటోలో దిగాడు.

"పాడైందాండీ?" అంది సత్యవేణి.

"లేదమ్మా. బాగుంది. మరీ బాగుంది. పాతదే ఎక్కించెయ్యి."

ఎందుకంటే తల గోక్కున్నాడు. "చెప్పడం రాదమ్మా," అని పెట్టె అక్కడ పెట్టి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే సత్యవేణి మాస్టారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "రేపు తీసుకెళ్ళి బిగించు. సాయంత్రం దాకా అక్కడే కూర్చో," అన్నారు.

"బిగించడానికి పది నిమిషాలు చాలండి."

"మిగతాది కూర్చోడానికి."

మర్నాడు పొద్దున్నే ధాన్యం లారీ వచ్చింది. సూర్యారావు మీట నొక్కి కుర్చీ ముందుకి జరుపుకునేలోగా తెర వెలిగింది. చీటీ వచ్చింది. లారీ క్యాబిన్లోంచి ఒక చెయ్యి దిగి, కిటికీలోంచి చీటీ అందుకుని పైకి వెళ్ళిపోయింది. తర్వాత ఇటుకల లారీ. తర్వాత కొబ్బరి డొక్కల లారీ. ఒక చేతికి రాగి కడియం, ఒక చేతికి కట్టు. మధ్యాహ్నం దాకా సత్యవేణి చూసినవి చేతులే, ఒక్క ముఖమూ కనబడలేదు.

బల్ల కింద కుండా, దాని మీద బోర్లించిన నాలుగు గ్లాసులూ ఉన్నాయి. గ్లాసుల మీద దుమ్ము పట్టింది.

"ఇవెవరికండీ?"

"దిగినవాళ్ళకి."

"ఎవరూ దిగట్లేదుగా?"

"ఎందుకు దిగుతారమ్మా? ఇదివరకు ఇంజను ఆపి దిగేవాళ్ళు. ఎవడి కూతురు టెన్తు తప్పిందో, ఏ ఘాటులో బండ పడిందో, అన్నీ ఇక్కడే తెలిసేవి. ఇప్పుడు పదహారు టన్నుల ఇటుక వెళ్ళిందని తెలుసు. ఎవడు పట్టుకెళ్ళాడో తెలీదు."

పన్నెండు దాటాక ఒక లారీ పలక మీదికి ఎక్కుతుండగానే కరెంటు పోయింది. అప్పుడే వెలిగిన తెర ఆరిపోయింది. కాసేపు హారను కొట్టి, ఇక లాభం లేదని డ్రైవరు కిందికి దూకాడు. నూకరాజట అతని పేరు.

"ఏం బాబాయ్, బతికే ఉన్నావా?"

"నువ్వొచ్చి చూస్తే కదరా తెలిసేది!"

"దిగనిస్తే కదా? హారను కొట్టేలోగా చీటీ మొహాన కొడుతున్నావ్."

"నేనా? ఇదిగో, ఈ అమ్మాయి చేసిన ఘనకార్యం."

నూకరాజు దండం పెట్టాడు. "చల్లగా ఉండండమ్మా! ఈ ఎండలో మమ్మల్ని కాపాడారు."

సూర్యారావు గ్లాసు కడిగి నీళ్ళిచ్చాడు. నూకరాజు గుమ్మం మెట్టు మీద కూర్చుని తాగి, గ్లాసుని చేతిలోనే తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి గొంతు తగ్గించి చెప్పాడు. అల్లుడు ఇంట్లో మాటామాటా వచ్చి రాయపూర్ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. పదిహేను రోజులైంది, ఫోను ఎత్తడు. పిల్ల అన్నం మానేసింది. "నీకు చెబుదామని పదిహేను రోజుల నుంచీ అనుకుంటున్నాను బాబాయ్. రోజూ ఈ పలక ఎక్కుతున్నాను, దిగుతున్నాను."

సూర్యారావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రాయపూర్ బైపాసు దాటాక మనవాళ్ళందరూ ఆగే హోటలొకటుందని, అక్కడ తన పేరు చెబితే కుర్రాడి జాడ కనుక్కుంటారని మొదలుపెట్టి, దారి మొత్తం వర్ణిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గోడ మీది స్విచ్చిబోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. గదిలో ఫ్యాను ఏనాడో చచ్చిపోయింది, కరెంటు వచ్చిందని చెప్పేది ఆ దీపమొక్కటే. మెట్టు మీద కూర్చున్న నూకరాజుకి అది కనబడదు.

సూర్యారావు చూశాడు. సత్యవేణి చూడడమూ చూశాడు. పెట్టె వైపు లేచిన చెయ్యి సగం దూరంలో ఆగి, మెల్లగా మోకాలి మీద వాలింది. సత్యవేణి తల తిప్పి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

మాటలన్నీ అయ్యాక, "కరెంటొచ్చినట్టుందిరా," అన్నాడు సూర్యారావు.

లారీ వెళ్ళిన దుమ్ము అణిగాక సత్యవేణి, "పాతదే ఎక్కించనాండీ?" అంది. ఈసారి ఆ మాటలో ఉక్రోషం లేదు.

"వద్దులే అమ్మా. ఆ పలక మీద నీడుండదు. ఇంజను ఆపితే క్యాబిన్లో ఉడికిపోతారు, అందుకని దిగేవాళ్ళు. అదంతా నా మీద ప్రేమనుకున్నాను." నవ్వాడు. "నా కబుర్ల కోసం వాళ్ళని ఎండబెట్టమంటానా? నిన్న ఏదో తిక్కలో పెట్టె తెచ్చేశాను."

ఆమె తిరిగి కొట్టుకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బల్ల మీద ఒక్క మరమేకు కూడా లేదు, తుడిచిపెట్టినట్టుంది. మాస్టారు వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. సత్యవేణి జరిగినదంతా చెప్పింది, ఎర్రదీపం సంగతి కూడా. నిన్నటి ప్రశ్న మళ్ళీ అడగలేదు.

"సాయంత్రానికిస్తామని నాలుగు పెట్టెలు ఒప్పుకున్నాం కదమ్మా," అన్నారు మాస్టారు. "ప్రశ్నలడిగే మనిషి లేకపోయేసరికి పన్నెండింటికల్లా అయిపోయాయి."