సాంబ్రాణి పొగ పట్టిన కుక్కపిల్ల

అనగనగనగా, మగ్గాలు ఆడే ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ కదలదు.

ఆ ఇంట్లో తులశమ్మ, ఆవిడ కూతురు వరాలు. వరాలుది నీ ఈడే. వాళ్ళతోపాటు మూడు పిల్లులు. బూడిద, చుక్కమ్మ, మునసబు.

మునసబంటేనా? పూర్వం ఊరికి పెద్ద అన్నమాట. ఆ పిల్లీ అంతే. అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని ఎగాదిగా చూసేది.

నేతవాళ్ళింట్లో పిల్లులు ముద్దుకోసం కాదమ్మా. మగ్గం మీద నిలువు దారాలుంటాయి చూడు, వాటిని పడుగంటారు. పడుగుకి గంజి పెడతారు. గంజికి ఎలుకలొస్తాయి. ఒక్కసారి కొరికాయంటే నెలరోజుల పని పోయినట్టే. పిల్లులుంటే ఎలుక ఆ గడప తొక్కదు.

ఆ ఏడే వరాలు వాళ్ళ నాన్న పోయాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మగ్గం చప్పుడొక్కటే మిగిలింది.

అప్పుడు ఒక శనివారం, వరాలు మేనమామ వీరభద్రం సంతకెళ్తూ ఆగి, బుట్టలోంచి ఒక కుక్కపిల్లని తీసి వరాలు ఒళ్ళో పెట్టాడు. అరిసె రంగు. గుప్పెడంత ఉంది. అది పాకి పాకి వరాలు చెవి నాకింది. వరాలు కిసుక్కున నవ్వింది.

తులశమ్మ మగ్గం మీంచి తలెత్తి చూసింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

కుక్కపిల్లకి అరిసె అనే పేరు పెట్టారు.

ఆ తర్వాత ఏమయింది? ఆ వీధిలో పసిపిల్లలకి నీళ్ళు పోసే సూరమ్మ మామ్మ వచ్చింది.

"పసిగుడ్డుని ఇలాగే వదిలేస్తారుటే? తల్లినుంచి విడదీసి తెచ్చారు, జలుబు చెయ్యదూ?" అంది.

పెరట్లో కాళ్ళు చాపుకు కూర్చుంది. కాళ్ళమీద అరిసెని బోర్లా పడుకోబెట్టింది. నలుగుపిండి రుద్దింది, వేడినీళ్ళు పోసింది. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టింది. బుగ్గన దిష్టిచుక్క కూడా పెట్టింది!

"ఈ వీధి వీధంతా నా కాళ్ళమీదే పెరిగింది. ఇదెంత!" అంది.

వరాలు పక్కనే కూర్చుని సాంబ్రాణి అందించింది.

మొదటిరోజు పొగ వెయ్యగానే బూడిద అటకెక్కింది. మళ్ళీ దిగలేదు. రెండోరోజు పొగ వెయ్యగానే చుక్కమ్మ పెంకులమీదికి పోయింది. మూడోరోజు మునసబు లేచి, ఒళ్ళు దులుపుకుని, పక్కింటి గోడ దూకేసింది.

నాలుగోరోజు పొద్దున చూస్తే పడుగు అంచు కొరికేసి ఉంది.

తులశమ్మ అరవలేదు. తెగిన పోగులు ఒక్కొక్కటే ముడేసింది.

"శనివారం మీ మావయ్య వస్తాడు. కుక్కపిల్లని ఇచ్చేద్దాం" అంది.

"అదేం చేసిందమ్మా?"

"ఏం చెయ్యలేదు. పిల్లులు పోతే పడుగు పోతుంది. పడుగు పోతే మనం ఏం తింటాం?"

వరాలు అన్నం ముట్టలేదు.

ఇచ్చేశారా అంటావా? ఆగు మరి. తొందరపడితే ఎలా?

ఆ పూటే తులశమ్మ అరుగు మీదికొచ్చి కూలబడింది. చేతికింకా గంజి తడి ఉంది. గోడమీంచి మునసబు చూసింది. మెల్లగా దిగింది. తులశమ్మ చెయ్యి వాసన చూసి, తలతో రుద్దింది.

అప్పుడు వరాలు వచ్చి చెయ్యి చాపింది. మునసబు ఆ చెయ్యి వాసన చూసింది. బుస్సుమంది! ఒక్క ఉదుటున గోడెక్కేసింది.

వరాలు పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కాళ్ళ దగ్గర పడుకున్న పిల్లి అది.

తులశమ్మ కూతురి చెయ్యి పట్టుకుని తను వాసన చూసింది. సాంబ్రాణి.

"కుక్కపిల్లంటే కాదే వాటికి కోపం. పొగంటే" అంది.

సూరమ్మ మామ్మ నీళ్ళు కాచుకొచ్చి, "ఏదే నా అరిసె మనవరాలు?" అంది.

"ఇంక నీళ్ళొద్దు పిన్నీ. పొగా వద్దు."

"పిల్లుల మాట విని నన్ను పొమ్మంటున్నావా? ఎంత కాలమొచ్చిందే!"

"నిన్ను కాదు పిన్నీ, సాంబ్రాణిని పొమ్మంటున్నాను."

ఆ తర్వాత తులశమ్మ పిల్లులు పడుకునే పాత బొంత తీసి, దాంతో అరిసెని తుడిచింది. అదే బొంతమీద మగ్గం పక్కన కూర్చోబెట్టింది. పిల్లుల వెంట పరిగెత్తకుండా మెత్తటి గుడ్డతాడు కట్టింది. పిల్లులకి ముందు పాలు పోసింది, దీనికి తర్వాత.

"పిలవకు. ఎత్తుకురాకు. వాటంతట అవే రావాలి" అంది వరాలుతో.

బుధవారం సాయంత్రం బూడిద అటకమీంచి తల బయటపెట్టింది. గురువారం చుక్కమ్మ దిగొచ్చి, పాలు తాగి, గుమ్మంలో కూర్చుంది. శుక్రవారం మునసబు వచ్చింది. తిన్నగా అరిసె ముక్కు దగ్గరికే వెళ్ళింది. వాసన చూసింది. గోళ్ళు దాచుకుని, ముక్కుమీద ఒక్కటిచ్చింది.

అరిసె కుయ్యిమంది. వరాలు లేవబోతే తులశమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

అరిసె తోక ముడుచుకుని పడుకుంది. మునసబు కాసేపు చూసింది. చూసి, ఆ బొంతమీదే, అటు తిరిగి కూర్చుంది.

శనివారం రానే వచ్చింది. వీరభద్రం బండి ఆగింది. వరాలు తలుపు వెనక నిలబడింది.

"ఏదే చెల్లీ, కుక్కపిల్లని వెనక్కి పంపుతానని కబురెట్టావుట?"

తులశమ్మ మగ్గం దిగలేదు. గడ్డంతో చూపించింది.

బొంతమీద ఒకటే కుప్ప. బూడిద తోక ఎక్కడో, చుక్కమ్మ కాలు ఎక్కడో. అరిసె వీపుమీద గడ్డం ఆనించి మునసబు నిద్రపోతోంది.

"తీసుకెళ్ళన్నయ్యా. మునసబుని లేపకుండా తియ్యగలిగితే తీసుకెళ్ళు" అంది తులశమ్మ.

వీరభద్రం వంగి చూశాడు. మునసబు ఒక కన్ను తెరిచింది. అంతే! ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళమీద బయటికి నడిచాడు.

తలుపు వెనక వరాలు కిసుక్కున నవ్వింది. తులశమ్మ కూడా నవ్వింది.

పిల్లి పక్కన కుక్కపిల్ల,
అమ్మమ్మ పక్కన అల్లరిపిల్ల.
కథేమో కంచి బాట పట్టింది,
కళ్ళకేమో కునుకు పట్టింది.