మూల వంకర పోయిన చేట

చిదంబరయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని చేసుకొచ్చాక ఇంకా జవాబు అవసరమైతే చెప్పేవారు. చాలాసార్లు అవసరమయ్యేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే మేదర ఎల్లమంద గురువుగారి మఠం అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి. ఆ చుట్టుపక్కల చేట అంటే ఎల్లమంద చేటే. ఒక్క బద్ద పక్కకు జరిగినా, అంచు కట్టు ఒక్క చుట్టు వదులైనా అమ్మేవాడు కాదు, పొయ్యిలో పెట్టేవాడు. పనివాడికి ఆ మాత్రం పట్టు ఉండాల్సిందే, తప్పు లేదు. కాకపోతే చేటల్లో తప్పు పట్టిన కన్నే మనుషుల్లోనూ పట్టేది. చేటనైతే కాల్చేసి మరిచిపోయేవాడు. మనుషుల తప్పు మాత్రం ఏళ్ళ తరబడి మూటగట్టుకుని తిరిగేవాడు.

"అయ్యా, మనవళ్ళను ఎత్తుకున్నాక ముసలితనం తేలికైపోతుందంటారు. నా ఈడువాళ్ళను చూస్తూనే ఉన్నాను. మోకాళ్ళు పట్టేసి పెళ్ళాం పిలిస్తే లేవనివాడు, మనవడు పిలిస్తే లేచి ఉరుకుతున్నాడు. నాకూ మనవరాలుంది. ఏడేళ్ళు నిండాయి. నాకా సుఖం ఎందుకు రాలేదు? లోకులు చెప్పేది అబద్ధమా, నా రాతే ఇంతా?"

"ఆ పిల్లను ఇరవై ఒకటో నాడు పడుకోబెట్టిన చేట ఉంటుంది గదా. అది నాకు కావాలి. పట్టుకురా," అన్నారు గురువుగారు.

ఎల్లమంద మొహం మాడిపోయింది. అడిగి అడిగి ఆ చేటనే అడగాలా?

పుట్టిన బిడ్డను ఇరవై ఒకటో నాడు చేటలో బియ్యం పోసి, గుడ్డ పరిచి పడుకోబెట్టడం ఆ ఇళ్ళలో ఆనవాయితీ. ఆ చేటను బిడ్డ తల్లిని కన్న తండ్రి అల్లి ఇవ్వాలి. కూతురు నాసరమ్మను పురిటికి తీసుకురాకముందే అత్తగారింట్లో నొప్పులొచ్చి ఆడపిల్లను కన్నది. భార్య అంకమ్మ పరుగున అక్కడికి వెళ్ళింది. ఎల్లమంద ఇంట్లో ఉండి చేట మొదలుపెట్టాడు. లోకంలో అలాంటి చేట ఇంకొకటి ఉండకూడదనుకున్నాడు. మూడుసార్లు అల్లి మూడుసార్లు విప్పాడు. ఇరవై ఒకటో నాడు అక్కడ మిట్టమధ్యాహ్నం దాకా ఎదురుచూసి, చివరికి ఏదో పాత చేటలో పిల్లను పడుకోబెట్టారు. ఆ కబురు వచ్చేసరికి ఎల్లమంద నాలుగోసారి అంచు కడుతున్నాడు.

"మేదర ఎల్లమంద మనవరాలికి ఎవడో అల్లిన పాత చేటా!" అని ఊగిపోయాడు. తిరిగొచ్చిన అంకమ్మను ఆ చేట ఎవరిదని నిలదీశాడు. "చేటే గదా, ఎవరిదైతేనేం," అని ఆమె లోపలికి పోయింది. కూతురి గడప తొక్కనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. పూర్తయిన చేటను పంచెగుడ్డలో చుట్టి ముందుగదిలో దూలానికి కట్టాడు. రెండేళ్ళకు అంకమ్మ పోయింది. నాసరమ్మ బిడ్డను చంకనేసుకొచ్చి "నాన్నా, చూడు" అంటే మొహం తిప్పుకున్నాడు. ఇదీ ఆయన సుఖం రాని రాత.

గురువు మాట తీసెయ్యలేడు. దూలానికున్న చేటను గుడ్డతో సహా చంకన పెట్టుకుని, ఇది ఇచ్చి ఆ పాతది తీసుకుందామని కూతురి ఊరికి బస్సెక్కాడు.

నాసరమ్మ, ఆమె అత్త మిరపకోతకు పోయారు. వాకిట్లో ఏడేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని పాత చేటతో కందులు చెరుగుతోంది. పెద్దవాళ్ళలాగే నోరు బిగబట్టి, పొట్టు మొహం మీదకొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది.

"ఏం కావాలి తాతా?" అంది. దారినపోయే ముసలివాళ్ళందరినీ పిలిచినట్టే పిలిచింది.

ఎల్లమందకు పేరు చెప్పుకోవడానికి నోరు రాలేదు. "పాత చేటలు తీసుకుని కొత్త చేటలిస్తానమ్మాయ్. అదిటివ్వు."

"ఇదా? ఇవ్వను."

"అదీ ఒక చేటేనా! ఆ ఎడమ మూల చూడు, కుక్క కాలులాగా ఎట్లా వంకర పోయిందో. ఆ అంచు కట్టేమిటి, గొడ్డును కట్టేసినట్టు? ఎవడో చేతకానోడు అల్లింది. నా చేతికి చిక్కితే పొయ్యిలో పెడతా."

పిల్ల చేట కింద పెట్టి, లేచి, నడుం మీద చేతులు వేసుకుంది.

"నీకేం తెలుసు తాతా చేటల సంగతి? అది మా తాత అల్లింది! మేదర ఎల్లమంద. అంతటోడు ఇంకెక్కడా లేడని మా అమ్మ చెప్పింది."

ఎల్లమంద ఆ చేట వైపు ఒక అడుగు వేశాడు. "మీ తాత ఇట్లా అల్లడమ్మా," అన్నాడు మెల్లగా.

"మా అమ్మ పుట్టిన రోజున అల్లాడు. ఆడపిల్ల పుట్టిందని చెప్పగానే ఒక్క పూటలో అల్లేశాడంట. సంతోషానికి చేతులు వణికి మూల అట్లా పోయిందంట. తెల్లారి చూసుకుని పొయ్యిలో పెట్టబోతే అమ్మమ్మ దాచేసింది. నేను పుట్టాక మూటలో కట్టి తెచ్చింది. తాతకు చెప్పొద్దని మా అమ్మ దగ్గర ఒట్టేయించుకుంది."

"ఎందుకు?"

"చెబితే వచ్చి పొయ్యిలో పెడతాడని!"

ఇప్పుడు తన నోటితో అన్నదీ అదే మాట. ఎల్లమంద ఆ వంకర మూల వంక మళ్ళీ చూశాడు. నలభై ఏళ్ళనాటి తన వేళ్ళు ఆ కట్టులో కనబడ్డాయి. తన చేటను తానే గుర్తుపట్టలేదు. తన చేట మీద తానే ఏడేళ్ళు అలిగాడు. అన్ని తిట్లు పడీ అంకమ్మ ఆ ఒక్క మాట చెప్పకుండానే పోయింది.

"ఏదీ, నీ చేట చూపించు," అని పిల్ల గుడ్డ విప్పింది. "అబ్బ, ఎంత బాగుందో!" అని, వాళ్ళమ్మ చేసినట్టే వెనక్కి తిప్పి వేళ్ళతో తట్టింది. సన్నటి పసుప్పచ్చ పొడి జలజలా రాలింది.

"పుచ్చిపోయింది తాతా. వాడకుండా దాచిపెట్టావా? మా అమ్మ దీనికి ఏటా మెంతిపిండి, కాగితం గుజ్జు మెత్తుతుంది. అందుకే ఇది గట్టిగా ఉంది."

వాడని వెదురు పుచ్చుతుందన్నది మేదరింట పసిపిల్లలకైనా తెలిసిన మాట. ఆయన ఏడేళ్ళుగా ఆ గుడ్డ విప్పి చూడలేదు.

అడగకూడదనుకుంటూనే అడిగాడు. "మీ తాత ఎప్పుడన్నా వచ్చాడా?"

"ఇంకా రాలేదు. నాకు చేట అల్లుతున్నాడు గదా. కొంచెం తప్పొచ్చినా విప్పేసి మళ్ళీ మొదలుపెడతాడంట. ఒక్క తప్పు లేకుండా అయ్యాక తీసుకొస్తాడని మా అమ్మ చెప్పింది." పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, ఆయన తాగుతుంటే మళ్ళీ అంది, "నువ్వు చేటలోడివి గదా. మా తాత ఎక్కడన్నా కనబడితే చెప్పు. తప్పున్నా పర్లేదు, తీసుకురమ్మను."

తను చూడనని మొహం తిప్పుకున్న కూతురు, ఏడేళ్ళుగా బిడ్డ ముందు తన పరువు కాపాడుతూ వచ్చింది. చెంబు కింద పెట్టి, పుచ్చిన చేట చంకన పెట్టుకుని, ఎల్లమంద దొంగలాగా తలొంచుకుని వాకిలి దాటాడు.

మఠానికొచ్చేసరికి గురువుగారు పొయ్యి ముందు కూర్చుని అన్నం వండుతున్నారు.

"చేట ఏది?"

"ఇవ్వలేదయ్యా."

"ఎవరికి ఇవ్వలేదు?"

"పాత చేటలు మార్చుకునే ముసలాడికి," అన్నాడు ఎల్లమంద.

గురువుగారు చెయ్యి చాచి ఆయన చంకలోని చేట తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. వెతికినా ఒక్క తప్పు కనబడలేదు. దాన్ని పొయ్యిలో పెట్టారు. పెట్టీ పెట్టకముందే భగ్గున అంటుకుంది. ఎల్లమంద వద్దనలేదు.

"సాయంత్రం బస్సు ఇంకా పోలేదు," అన్నారు గురువుగారు.

"పిల్ల ఉన్న ఇంటికి ఒట్టి చేతులతో ఎట్లా పొమ్మంటారయ్యా?"

"ఎత్తుకునేది వాటితోనే గదా," అని గురువుగారు మంట ఎగదోశారు.