అమ్మ దప్పిక

వాగుకు ఇవతల డప్పు సాయిలు పాక, అవతల తుప్పలు. పాకలో మేం అయిదుగురం. ముసలి కర్రెద్దు తాత, అడక్కుండానే సలహాలు చెప్పే పుంజు, నేను, నా తమ్ముడు, గోడ మేకుకు వేలాడే మా అమ్మ.

అవును, అమ్మే. మేం మేకలం. ఎండాకాలంలో అమ్మ పాము కరిచి చచ్చిపోతే, సాయిలు ఆ తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చెక్క చట్రానికి బిగించి డప్పు చేశాడు. వెంట్రుకలు పోయినా అమ్మ మెడకింది నల్లమచ్చ తోలు మీద అట్లాగే ఉండిపోయింది.

పొద్దుగూకే వేళ సాయిలు గడ్డిమంట వేసి, డప్పును కాస్త ఎడంగా పట్టి కాచేవాడు. తోలు బిగిసేది. ఒకసారి కళ్లకద్దుకుని, కుడిచేత సిర్ర కర్ర, ఎడమచేత సన్నటి సిటికెన పుల్ల పట్టి, దరువు వేస్తూ పాక చుట్టూ అడుగులు తొక్కేవాడు. పోచమ్మ జాతరలో ఊరి ముందు ఆడేది అతనే మరి. కుంటికాలు తమ్ముడు కూడా మూడు కాళ్ల మీద గెంతేవాడు.

"అదిగో, ముక్కాలు సాయిలు!" అనేవాడు పుంజు. అందరికంటే ముందు తమ్ముడే నవ్వేవాడు.

జాతరకు రెండు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం నక్క వచ్చి మా కంచెకు ఎదురుగా, వాగు అవతలి ఒడ్డున కూర్చున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నాను.

"మీ అమ్మ నాకు అక్కలాంటిది బిడ్డా. రోజూ ఆమెను రెండు కర్రలతో కొడుతుంటే నీకు మేత ఎట్లా దిగుతుందో!"

"కొట్టడం కాదు మామా, అది దరువు."

"వేసేవాడికి దరువు. పడేదానికి దెబ్బే."

నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోయింది.

"పైగా మంట దగ్గర కాచుడొకటి. చచ్చేముందు మీ అమ్మ నీళ్ల కోసం చూసి ఉంటుంది, కదూ?"

చూసింది. తొట్టి వైపు మెడ చాచి, అందుకోలేక పడిపోయింది. చచ్చేవాళ్లు ఎవరైనా నీళ్ల కోసం చూస్తారని నాకప్పుడు తోచలేదు. నక్కకు అంతా తెలుసనుకున్నాను.

"నన్నేం చెయ్యమంటావు మామా?"

"నేనేమన్నా డప్పు తాళ్లు కొరకమన్నానా? కాసిని నీళ్లు తాగించు. కన్నబిడ్డవు, ఆ మాత్రం చెయ్యలేవా?"

సాయంత్రం తాతకు చెప్పాను. ఆయన నెమరు ఆపలేదు. "గొర్రె చచ్చిందని తోడేలు ఏడ్చిందట. ఆ నీళ్లు ఎవరి కళ్లలోంచి వస్తున్నాయో చూసుకో బిడ్డా" అన్నాడు.

పుట్టినప్పటి నుంచి కాడి మోసినవాడికి దెబ్బ నొప్పేం తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు తాత పొలానికి పోగానే డప్పును తలతో ఎత్తి మేకు నుంచి తప్పించి, తొట్టిలోకి తోశాను. తోలు మెల్లగా మెత్తబడింది. నల్లమచ్చ నీళ్లలో మెరిసింది.

"తాగమ్మా" అన్నాను.

తమ్ముడు వచ్చి డెక్కతో తట్టాడు. చప్పుడు రాలేదు. "అక్కా, అమ్మ మాట్లాడదేం?"

"నిద్రపోయిందిరా. ఇన్నాళ్లకు నిద్రపోయింది."

ఆ మాట అన్నప్పుడు నాకెంత గర్వంగా ఉందో! ఇప్పుడు చెప్పుకోవడానికే తల లేవదు.

సాయంత్రం సాయిలు తొట్టి దగ్గర కూలబడ్డాడు. "ఎవరు చేసిండ్రు ఇట్ల? తెల్లారితే జాతరాయె!"

తడిసిన తోలు నీడలో ఆరాలి. అంత వ్యవధి ఏది? మంటకు బాగా దగ్గరగా పట్టాడు. నల్లమచ్చ నడిమి నుంచి ఫట్‌మని చీలింది.

సాయిలు దాన్ని కళ్లకద్దుకుని, "తప్పయింది తల్లీ" అన్నాడు. రోజూ అట్లాగే అద్దుకునేవాడు. రెండు రోజులుగా నేను కర్రలను మాత్రమే చూశాను.

అరువు డప్పు కోసం అతను పక్కూరికి పరుగెత్తాడు. దరువు లేని మొదటి సందె అది. వెలుగింకా పోకముందే నక్క వాగు దాటాడు. తాత పలుపు తెంచుకోబోయి మెడ కోసుకున్నాడు. పుంజు ఏ సలహా లేకుండా పాక మీదికెక్కి అరిచాడు. నేను అడ్డం నిలబడ్డాను. నక్క నన్ను తాకనైనా తాకలేదు.

"మీ అమ్మ దప్పిక తీరిందా బిడ్డా?" అని నవ్వి, నన్ను దాటి వెళ్లాడు. మూడు కాళ్ల మీద తమ్ముడు ఎంత దూరమని గెంతగలడు?

తెల్లారి ఊళ్లో జాతర డప్పులు మోగుతుంటే తాత పక్కకు చేరాను.

"తాతా, వాడు ఇన్నాళ్లూ వాగు దాటనిది ఆ దరువుకు భయపడేనా?"

"ఊఁ."

"అయితే అమ్మ రోజూ నొప్పికి అరవలేదా?"

తాత నెమరు ఆపాడు. "అరిచింది బిడ్డా" అన్నాడు. "వాడి మీద."

సాయిలు ఆ చీలిన తోలును పాక వెనక పాతిపెట్టాడు. నేను అక్కడే పడుకుంటాను. ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. వాళ్లకు నేను నేర్పింది ఒక్కటే.

మన చచ్చినవాళ్ల కోసం మనకంటే ఎక్కువ ఏడ్చేవాడు కంచె దగ్గరికొస్తే, ముందు మన బతికున్నవాళ్లను లెక్కపెట్టుకోవాలి.